సుద్ద గుర్తు, తాళం గుర్తు

నేను బొగ్గుబాయిలో సర్దార్‌ని. పేరు గొప్పగా వినిపిస్తుంది గానీ పెద్ద అధికారమేమీ లేదు. షిఫ్టు వాళ్లకంటే ముందే లోపలికి దిగాలి. మనుషులు పనిచేసే చోట పైకప్పును కర్రతో తట్టాలి, చప్పుడు వినాలి, గాలి చూడాలి. అంతా బాగుందనిపిస్తే గోడ మీద సుద్దముక్కతో తారీకు, టైము, నా పొడి అక్షరాలు రాయాలి. ఆ రాత చూశాకే కార్మికుడు లోపలికి అడుగు పెడతాడు. పాతికేళ్లకు పైగా చేస్తున్న పని ఇదే. నా రాత నమ్మి వెళ్లినవాళ్లంతా షిఫ్టు దిగి ఇంటికి చేరారు, ఒక్కడు తప్ప. అతని సంగతి తర్వాత చెబుతాను. చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

తట్టి చూడటం నాకు ఇంట్లో కూడా జబ్బే. కుండ కొన్నా, పుచ్చకాయ కొన్నా తట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాణ్ని. నా భార్య పగలబడి నవ్వేది. "నన్ను గూడ గిట్లనే తట్టి చూసి చేసుకున్నవా ఏంది?" అనేది. ఇప్పుడు అంత మాట ఒక్క ఊపిరిలో అనడం ఆమె వల్ల కాదు. రెండేళ్ల కింద దగ్గుతో మొదలైంది. చివరికి ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయన్నాడు డాక్టరు. రోజులో సగానికి పైగా ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉండాలన్నాడు. కొన్నాళ్లు అద్దె సిలిండర్లతో నెట్టుకొచ్చాం. సిలిండరు ఎప్పుడు అయిపోతుందో తెలియదు. నేను బాయిలో ఉన్నప్పుడు అయిపోతే మార్చేవాళ్లెవరు? ఆ భయంతో లోపల పని మీద మనసు నిలిచేది కాదు. గదిలోని గాలినే పీల్చి ఆక్సిజన్ తీసే మిషన్ ఉంటుందనీ, దానికి కరెంటుంటే చాలనీ డాక్టరే చెప్పాడు. కరీంనగర్‌లో అడిగితే స్టాకు లేదు, నెల పడుతుందన్నారు. నెల దాకా ఎవరు ఆగుతారు?

అప్పుడు ఫోన్లో ఆ సైటు దొరికింది. మూడు రోజుల్లో ఇంటికి పంపుతామని రాసుంది. నేనేమన్నా పిచ్చివాణ్నా, చూడగానే డబ్బు కట్టడానికి? పైకప్పును తట్టినట్టే దాన్నీ తట్టాను. పైన అడ్రసు పక్కన చిన్న తాళం గుర్తు ఉంది. నొక్కితే కనెక్షన్ భద్రంగా ఉందని చెప్పింది. పేజీ అడుగున గుండ్రటి ముద్ర ఒకటి ఉంది. దాన్ని నొక్కితే ఇంకో పేజీ తెరుచుకుంది. అందులో ధ్రువపత్రం ఇచ్చిన విదేశీ కంపెనీ పేరు, సైటు పేరు, తనిఖీ అయిందన్న మాట, దాని పక్కన ఆ రోజు తారీకు, టైము. కింద ఇంకో ముక్క: ఈ ధ్రువపత్రాన్ని నమ్మి కొన్నవారికి నష్టం జరిగితే వారంటీ రక్షణ ఉంటుందని.

తారీకు, టైము చూడగానే నా ప్రాణం లేచి వచ్చింది. మర్నాడు పొద్దున డ్యూటీకి పోయే ముందు మళ్లీ నొక్కాను. తారీకు మారింది. మూడో రోజు కూడా మారింది. ఆహా, ఎవరో నాలాంటి సర్దారే రోజూ దిగి, తట్టి చూసి, సంతకం పెట్టి పోతున్నాడనుకున్నాను. నొక్కినప్పుడల్లా ఆ రోజు తారీకును ఫోనే వేసుకుంటుందని నాకేం తెలుసు! బాయిలో తారీకు మారిందంటే మనిషి వచ్చిపోయినట్టే. ఇంకోలా ఉంటుందని నా బుర్రకు తట్టనే లేదు.

చౌరస్తాలో ఫోన్లు బాగుచేసే భాయ్‌కి చూపించాను. కొడుకులాంటి వాడే, నన్ను కాకా అంటాడు. అతను చూసి నసిగాడు.

"తాళం ఉంది, ఠీకే. లేకిన్ కాకా, దవాఖానా సామాన్ కదా, తెలిసిన దుకాణంల తీసుకోరాదూ?"

"నీ దుకాణానికి వారంటీ ఉన్నదా భాయ్? దీనికి ఉన్నది," అని గదమాయించాను. పాపం, నా ఫోన్లోంచి డబ్బు కట్టిపెట్టాడు.

చెప్పినట్టే మూడో రోజు మిషన్ వచ్చింది. తెల్లగా, బరువుగా ఉంది. స్విచ్ వేస్తే గుయ్యిమని మోగింది, గొట్టంలోంచి చల్లటి గాలి వచ్చింది, ముందున్న అద్దం మీద ఆక్సిజన్ తొంభై నాలుగు శాతమని ఆకుపచ్చ అంకె వెలిగింది. సిలిండరు వాపసు పంపేశాను. ఆ వారం బాయిలో ఈల వేసుకుంటూ పనిచేశానంటే నమ్ముతారా?

నాలుగో రోజు ఆమె అంది, "గాలైతే వస్తుంది గని... ఊపిరి నిండుతలేదు."

వేలికి తగిలించి ఒంట్లో ఆక్సిజన్ చూసే చిన్న క్లిప్పు మా దగ్గర ఉంది. తొంభైకి తగ్గకూడదని డాక్టరు చెప్పిన అంకె అందులో ఎనభై నాలుగు చూపిస్తోంది. సంతలో కొన్నది, బిల్లు లేదు, ముద్ర లేదు. దాన్ని తీసి అలమారలో పడేశాను.

"అద్దం మీద అంకె కనవడ్తలేదా? తొంభై నాలుగు. సైటుకు తాళమున్నది, ముద్రున్నది, వారంటీ ఉన్నది. నీకే అనుమానం," అన్నాను.

మాట కరుకుగానే వచ్చింది. నాకు కోపం తొందర. ఆమె మళ్లీ ఆ మాటెత్తలేదు. కుర్చీలోంచి లేవడం మాత్రం తగ్గించింది. వంటగదికి వెళ్లాలంటే మధ్యలో గోడ పట్టుకుని ఆగేది. ఊరి పక్క ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ అయినప్పుడు గిన్నెలు గలగలమంటే ఉలిక్కిపడేది కూడా మానేసింది. ఇదంతా నా కళ్ల ముందే జరిగింది. రాయి పగుళ్లు వేలి గోటితో పట్టగలనని గొప్పలు పోయే మనిషిని, ఎదురుగా ఉన్న ముఖం నల్లబడుతుంటే అద్దం మీది అంకె చూస్తూ కూర్చున్నాను. థూ నా బతుకు!

పదకొండో రోజు ఫస్ట్ షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి పొయ్యి దగ్గర నేల మీద పడి ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. ముక్కుకు గొట్టం ఉంది. మిషన్ మోగుతూనే ఉంది. తొంభై నాలుగు వెలుగుతూనే ఉంది. ఆటోలో దవాఖానకు తీసుకెళ్లాను. బతికింది. రెండు వారాల తర్వాత ఇంటికి పంపుతూ డాక్టరు నన్ను పక్కకు పిలిచి, మిగిలిన ఊపిరిలో సగం ఈ పదకొండు రోజుల్లోనే పోయిందనీ, అది తిరిగి రాదనీ చెప్పాడు. ఇప్పుడు మంచానికీ స్నానాల గదికీ మధ్య కుర్చీ వేసుకుని ఆగి ఆగి నడుస్తుంది. మళ్లీ సిలిండర్లే తెస్తున్నాను.

మిషన్‌ను భాయ్ దగ్గరికి మోసుకుపోయాను. నాలుగు మరలు విప్పి లోపలికి చూశాడు.

"ఇందుల ఆక్సిజన్ తీసే సామానే లేదు కాకా. చేపల తొట్టిల గాలి పెట్టే మోటరు ఉంటది చూడు, గదే. కింద బరువుకు ఇనుప ముక్క పెట్టిండ్రు. అంకె ఉత్త లైటు, ఎప్పుడైనా తొంభై నాలుగే."

సైటు కోసం చూస్తే అదీ లేదు. తాళం, ముద్ర, తారీకు అన్నీ పోయాయి. కానీ ముద్ర వేసిన కంపెనీ వేరే దేశంలో ఉంది కదా, అది ఎక్కడికీ పోలేదు. వారంటీ రక్షణ అన్నది వాళ్లే. నేను చెబుతుంటే భాయ్ ఇంగ్లీషులో రాసి పంపాడు. డబ్బు కోసం కాదు. "అవును, మేము చూడాల్సింది చూడలేదు" అని ఎవరో ఒకరు అంటారని నా ఆశ. నా పాపంలో కాస్త ఇంకొకరి నెత్తినా పడుతుందని ఆశ. దాచేదేముంది.

వారానికి జవాబొచ్చింది. ఎంతో మర్యాదగా రాశారు. వాళ్ల మాటలు భాయ్ చదివి తెలుగులో చెప్పాడు: మా పత్రం ఆ సైటుకు సరిగ్గానే ఇచ్చాం. మీరు డబ్బు కట్టేటప్పుడు మీ వివరాలు దారిలో ఎవరూ దొంగిలించలేదు. మేము పత్రాన్ని తప్పు మనిషికి ఇచ్చి ఉంటేనే వారంటీ వర్తిస్తుంది. అమ్మేవాడు మంచివాడని గానీ, సరుకు మంచిదని గానీ మేమెప్పుడూ చెప్పలేదు.

"అంటే ఏంది భాయ్?"

"అంటే... నువ్వు వాని ఇంటికి పోయే దారిల దొంగలు లేరని చెప్పిండ్రు కాకా. ఇంట్ల ఉన్నోడు దొంగ కాదని చెప్పలే."

ఇంటికొచ్చి ఆమెకు ఆ జవాబంతా చెప్పి, ఆ కంపెనీని నానా బూతులూ తిట్టాను. సంతకం పెట్టినవాడికి సిగ్గుండాలి, మనుషులు నమ్ముతారని తెలిసి పెట్టి, తీరా మునిగాక నా రాత అంతవరకేనంటే ఎట్లా అని అరిచాను. ఆమె సిలిండరు గొట్టం సర్దుకుని, ఊపిరికీ ఊపిరికీ మధ్య ఒక్కో మాట పెడుతూ అంది:

"నువ్వు గూడ... గప్పుడు... గిదే అన్నవ్ గదా."



ఇప్పుడు ఆ ఒక్కడి సంగతి. తొమ్మిదేళ్ల కింద ఫస్ట్ షిఫ్టులో పైకప్పు తట్టి, సుద్దతో రాసి వచ్చాను. గంట తర్వాత ఒక కార్మికుడు, నాకంటే చిన్నవాడు, తమ్మీ అని పిలిచేవాణ్ని, నా దగ్గరికొచ్చాడు. "పైన చిటపట చప్పుడైతుంది సర్దారూ, జర వచ్చి చూస్తవా?" అన్నాడు. నాకు వేరే చోట పని మిగిలి ఉంది. "గోడ మీద సుద్ద కనవడ్తలేదా? పో, పో," అన్నాను. పోయాడు. బండ పడింది.

ఎంక్వైరీలో నన్ను అడిగారు. తనిఖీ చేసిన సమయానికి పైకప్పు బాగానే ఉంది, నా గుర్తుకు అర్థం అంతవరకే, ఆ తర్వాతిది నా గుర్తు కిందికి రాదు అన్నాను. ఎంక్వైరీకి ముందురోజు ఈ మాటలే వంటగదిలో ఆమె ముందు నిలబడి నాలుగుసార్లు వల్లె వేశాను. అందుకే ఆమెకు గుర్తుంది. చప్పుడైందని అతను వచ్చి చెప్పిన సంగతి మాత్రం ఎంక్వైరీలో నేను చెప్పలేదు. అడిగినవాళ్లూ లేరు. కార్మికుడి అజాగ్రత్త అని రాసుకుని కాగితం మూసేశారు.

"ఆయన పెండ్లాంతాన... పోయినవా ఎన్నడన్న?" అని అడిగింది నా భార్య.

పోలేదు. ఒక్కసారీ పోలేదు.

ఆ ఆదివారం బస్సెక్కి గోదావరి బ్రిడ్జి దాటి నస్పూర్ పోయాను. అతని భార్య అక్కడ కంపెనీ క్వార్టర్లో ఉంటోంది. బట్టలు ఆరేస్తూ నన్ను చూసింది. గుర్తుపట్టింది.

"రా అన్నా, కూసో," అని కుర్చీ వేసింది. నీళ్లిచ్చింది. నేను తాగలేదు.  ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

"ఆ పొద్దు చప్పుడైతుందని నీ పెనిమిటి నాకొచ్చి చెప్పిండు చెల్లె. నేనే చూడకుంట పొమ్మన్న. ఆయన తప్పేం లేదు."

తడి బట్ట చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. తిడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

"తొమ్మిదేండ్ల సంది ఆయననే తిట్టుకుంటున్న," అంది. "జర చూసుకోకపోతివి, పిల్లల మొఖం యాది రాకపాయె నీకు అని. పండుగకు ఫోటో ముంగట బువ్వ పెట్టినా తిట్టుకుంటనే పెట్టిన." లోపలి గది వైపు చెయ్యి చూపింది. "నాకెందుకు చెప్తున్నవన్నా? ఫోటో అండ్ల ఉన్నది. పోయి ఆయనకు చెప్పు."

లేచి లోపలికి వెళ్లాను. ఫోటోలో అతను నేను మరిచిపోయినంత చిన్నవాడుగా ఉన్నాడు. అతని ముందు నిలబడి, ఆమెకు వినబడేటట్టు గట్టిగా అన్నాను.

"చప్పుడైంది నిజమే తమ్మీ. నువ్వు చూసుకున్నవ్. నేనే చూడలే."