సోమవారం తగ్గని గాలి

మండపేట నుంచి నరసాపురం వెళ్ళడానికి బస్సులున్నాయి. రావులపాలెంలో ఒకసారి, రాజోలులో ఒకసారి మారితే సఖినేటిపల్లి రేవు దాకా వెళ్ళొచ్చు. అక్కడ పంటు ఎక్కి గోదావరి దాటితే అవతలి ఒడ్డే నరసాపురం. మా అక్క అలాగే వెళ్ళమంది. నేను మాత్రం వెనక చక్రంలో గాలి నిలవని మోటారు సైకిలు మీద బయల్దేరాను. ఈ దారిన వెళ్ళదలిచినవారు అక్క మాట వినడమే మంచిది.

వెళ్ళిన పని చెప్పాలి. నాకు యాభై నాలుగేళ్ళు, రైస్ మిల్లులో గుమస్తాను. మా ఆవిడ పోయి ఆరేళ్ళయింది, పిల్లల్లేరు. ఒక్కడివే ఎన్నాళ్ళు వండుకు తింటావంటూ అక్క ఒక సంబంధం చూసింది. ఆవిడ పేరు సుభద్ర గారు. భర్త పోయాక ఆయన టైర్ల కొట్టు తనే నడుపుతున్నారు. ఆదివారమైనా కొట్టు మూయడం కుదరదనీ, మాట్లాడాలంటే అక్కడికే రమ్మనీ కబురు చేశారట. ఈ వయసులో పెళ్ళిచూపులు, అవీ పంక్చర్ల కొట్టులో! నవ్వు రావాల్సింది పోయి నాకు భయమేసింది. ఆవిడ ఊఁ అంటే నా ఇంట్లో మళ్ళీ మాట వినిపిస్తుంది, కాదంటే లేదు.

ఇక టైరు సంగతి. ఇది ట్యూబు లేని రకం. నెల రోజులుగా రోజూ పొద్దున్నే గేజి పెట్టి చూసి, ఎంతుందో చిన్న పుస్తకంలో రాసుకుని, కాలిపంపుతో ముప్పై మూడుకి కొట్టడం నా పని. మిల్లు పని మీద పగలంతా తిరిగి వస్తాను. మర్నాడు చూస్తే ఇరవై ఐదో, ఇరవై ఆరో ఉంటుంది. రాత్రికి రాత్రి ఎలా పోతోందో అంతుపట్టలేదు. మండపేటలో చక్రం విప్పి నీళ్ళతొట్టిలో ముంచారు, ఒక్క బుడగ రాలేదు. వాల్వులో పిన్ను మార్చారు. మర్నాడు మళ్ళీ మామూలే.

ఆదివారం పొద్దున్న ముప్పై మూడుకి కొట్టి, ఆరున్నరకి బయల్దేరాను. ఆలమూరు, జొన్నాడ దాటి వంతెన మీదుగా రావులపాలెం చేరేసరికి ఏడుంబావు. గేజి ఇరవై ఎనిమిది చూపించింది. నిజం చెప్పాలంటే నాలో సగం మనిషి సంతోషించాడు. టైరు పూర్తిగా పోతే వెనక్కి పోవచ్చు, అక్కకి చెప్పడానికి కారణమూ ఉంటుంది. ఇడ్లీ తిని, అరటి గెలల లారీల పక్కనున్న కొట్టు దగ్గర బండి ఆపాను. ఆయన టైరంతా సబ్బునురగ పూసి, చక్రం రెండుసార్లు తిప్పి చూశాడు.

“ఎక్కడా లేదండి. టైరే పాతబడిపోయింది, మార్చెయ్యండి,” అన్నాడు.

“ఇంకా సగం కూడా అరగలేదు కదండీ.”

“అయితే గాలి కొట్టించుకుని ఎల్లిపొండి. దూరమేనా?”

నరసాపురం అన్నాను. బంధువులా అని అడిగాడు. ఇంకా కాదన్నాను. ఆయన నవ్వి గాలి డబ్బులు తీసుకోలేదు.

కొత్తపేట, పి.గన్నవరం మీదుగా రోడ్డు బాగానే ఉంది. రెండు పక్కలా కొబ్బరితోటలు, అక్కడక్కడా కాలవ. తొమ్మిదింబావుకి రాజోలు చేరాను. గేజి ఇరవై ఐదు. ఇక్కడ కొట్టు పెద్దాయన టైరు విప్పి, రిమ్ము అంచున పేరుకున్న మట్టి గీకాడు. నలభై నిమిషాలు పట్టింది.

“ఆయ్, ఇంక ఎక్కడికీ పోదండి గాలి. నా పూచీ,” అన్నాడు.

ఆ పూచీ పదిహేను కిలోమీటర్లే పనిచేసింది. సఖినేటిపల్లి రేవులో చూస్తే ముప్పైకి దిగింది.

పది యాభైకి పంటు ఎక్కాను. ఆటోలు, మోటారు సైకిళ్ళు, మనుషులు ఇరుక్కుని నిలబడ్డాం. లేసు మూట పట్టుకున్న ఒకావిడ నా ఇస్త్రీ చొక్కా వంక చూసి, “ఎవరింటికండీ?” అని అడిగింది.

“టైర్ల కొట్టుకండి.”

“టైరు కోసం గోదారి దాటొచ్చారా! మీ ఊళ్ళో లేవేంటండీ?”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. అంతమంది మధ్య నిలబడి నవ్వి చాలా కాలమైంది. అవతలి ఒడ్డు ఇంకాస్త దూరంగా ఉంటే బాగుండుననిపించింది.

పదకొండున్నరకి కొట్టు చేరాను. సుభద్ర గారు చీర చెంగు నడుముకి దోపుకుని ఆటో టైరు బిగిస్తున్నారు. చేతులు మోచేతి దాకా నలుపు. మండపేట నుంచి వచ్చానని మొదలుపెట్టేలోగా, “తెలుసండి, కూర్చోండి,” అని స్టూలు చూపించారు. ఆటో వెళ్ళిపోయాక ఆవిడ చూపు నా మీద కాదు, బండి మీద పడింది.

“వెనకాల గాలి తగ్గిందే?”

కథంతా చెప్పి, జేబులో ఉన్న పుస్తకం ఇచ్చాను. ఆవిడ చేతులు గుడ్డకి తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చదివారు.

“అన్నీ పొద్దున్న చూసినవే. రాత్రి పడుకునే ముందు ఎప్పుడైనా చూశారా?”

“లేదండి.”

“మరి రాత్రి పోతోందని ఎవరు చెప్పారండీ?”

ఆవిడ పేజీలు తిప్పి వేలు పెట్టి చూపించారు.

“ఇదిగో, సోమవారం పొద్దున్న ముప్పై మూడు. ఆదివారం ఎంత కొట్టారో అంతే ఉంది. పై వారమూ అంతే. ఆ పై రెండు వారాలూ అంతే. ఆదివారం బండి తియ్యరా?”

“తియ్యనండి.”

“నాలుగు ఆదివారాలూ?”

“ఎక్కడికి వెళ్ళాలండీ,” అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం నా మొహం వంక చూశారు. ఆ అంకెలు నా చేత్తో నేను రాసుకున్నవే. సోమవారం పంపు కొట్టే శ్రమ తప్పిందని సంతోషించానే గానీ, అందులో ఏముందో నాకు కనబడలేదు.

“నిలబెడితే పోవట్లేదు, తిరిగితేనే పోతోంది,” అంటూ ఆవిడ బండిని స్టాండు మీదికి ఎక్కించి, వాల్వు మొదట్లో సబ్బునురగ పూశారు. ఏమీ రాలేదు. అప్పుడు బొటనవేలితో వాల్వుని పక్కకి వంచారు. దాని మొదట్లోంచి సన్నటి బుడగలు వరసగా లేచాయి. వేలు తీయగానే ఆగిపోయాయి.

“రబ్బరు బీటలిచ్చిందండి. చక్రం జోరుగా తిరిగితే వాల్వు వాలి బీట తెరుచుకుంటుంది. తొట్టిలో ముంచితే నిటారుగా ఉంటుంది, ఏం కనబడుతుంది?”

పావుగంటలో కొత్త వాల్వు వేసి, ముప్పై మూడుకి కొట్టి, చేతులు కడుక్కొచ్చి ఎదురుగా కూర్చున్నారు.

“మా తమ్ముడు మీ అక్కగారికి ఏం చెప్పాడో తెలీదండి. నేను వాడికి వద్దనే చెప్పాను. మనిషిని చూడకుండా ఎలా అంటావన్నాడు, అందుకే రమ్మన్నాను. ఇంత దూరం తిప్పినందుకు ఏమీ అనుకోకండి.”

“చూశాక కూడా అదే మాటాండీ?” ఆ ప్రశ్న ఎలా అడిగానో నాకే తెలియదు.

“మీరు మంచివారే. కానీ నాకు తలుపు తీస్తే సాయంత్రం దాకా మనుషులేనండి. పొద్దుగూకాక కాసేపు ఎవరూ లేకపోతే హాయిగా ఉంటుంది. మీకు మనిషి చాలా అవసరం. అంత అవసరం తీర్చే ఓపిక నాకు లేదండి.”

అర్థమైందన్నాను. వాల్వుకీ పనికీ నూట యాభై అన్నారు, ఇచ్చాను. ఆవిడ జాలిపడి తగ్గించలేదు, అందుకు నాకు గౌరవమే కలిగింది. మనసు మాత్రం బాగా నొచ్చుకుంది. ఆరేళ్ళుగా ఎవరికీ చెప్పనిది ఆవిడ పది నిమిషాల్లో చదివేశారు, చదివాకే కాదన్నారు.

రేవు దగ్గర మెస్సులో భోజనం ఎనభై రూపాయలు. చేపల పులుసు బాగుంటుందని పక్కాయన చెప్పాడు. బాగానే ఉంది, నాకే సహించలేదు. ఒకటింబావు పంటులో ఉండగా అక్క ఫోన్ చేసింది.

“ఏమందిరా?”

“కాదన్నారక్కా.”

“పోనీలే, బెంగపెట్టుకోకు. నీకూ ఇష్టం లేదుగా, నా బలవంతం మీదేగా వెళ్ళావు.”

“నాకు ఆవిడ నచ్చారక్కా.”

అయితే ఇంకో సంబంధం చూడనా అంది. వద్దన్నాను.

తిరుగు దారిలో రాజోలులో ముప్పై మూడు, రావులపాలెంలోనూ ముప్పై మూడు. దిగి గేజి పెట్టి చూసుకుని వెంటనే కదిలాను. రెండు కొట్లూ తెరిచే ఉన్నాయి గానీ ఆగడానికి పని లేదు. వెళ్ళేటప్పుడు రేవు చేరడానికి నాలుగు గంటల పైనే పట్టింది, వచ్చేటప్పుడు మూడు కూడా పట్టలేదు. పంటు దిగాక ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. దారిని తప్పుపట్టడానికేమీ లేదు, వెళ్ళదలిచినవారు నిక్షేపంగా వెళ్ళొచ్చు. నేను ఇంటి తాళం తీసేసరికి నాలుగుంబావు. ఆదివారం ఇంకా చాలా మిగిలే ఉంది.