నజీరా పాస్ రాయని టెస్టు

నజీరాది దాచేపల్లి. తండ్రి మంచాన పడ్డాక ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది. గుంటూరు బ్రాడీపేటలో, మందుల షాపు పైనున్న మా చిన్న ఆఫీసులో ఆమె టెస్టర్, నేను ప్రోగ్రామర్ని. నేను రాసినదాంట్లో తప్పులు పట్టడమే ఆమె ఉద్యోగం కాబట్టి మా మధ్య పెద్ద స్నేహమేమీ ఉండేది కాదు.

మొన్న ఫిబ్రవరిలో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకి సాఫ్ట్‌వేర్ చేశాం. సోమవారం అప్పగించాలి. ఆటోమేటిక్ టెస్టులన్నీ పాసవుతున్నాయి, బస్తాలు లోపల పెట్టడం, బయటికివ్వడం ఒకేసారి నడిపి చూసేది ఒక్కటి తప్ప. అది ఒకసారి మూడు సెకన్లలో ముగిసేది, ఇంకోసారి ఉలుకూ పలుకూ లేకుండా ఆగిపోయేది. ముప్పై సెకన్ల గడువు, అంటే టైమవుట్, దాటితే ఫెయిల్.

"సిస్టం స్లో అండి. టైమవుట్ ఐదు నిమిషాలు పెడితే సరిపోద్ది" అన్నాను శుక్రవారం. మా యజమాని ప్రేమ్‌చంద్ గారికి ఆ మాట తెగ నచ్చింది.

"ఆగిపోయినదానికి ఐదు గంటలిచ్చినా ఒకటేనండి. నేను పాస్ రాయను" అంది నజీరా.

"నీ ప్రొబేషన్ ఈ నెలతో అయిపోద్ది, గుర్తుందా అమ్మా? సోమవారానికి పాస్ రాయకపోతే నువ్వు వేరే ఉద్యోగం చూసుకో" అన్నారాయన.

ఆమె మొహం చిన్నబోయింది, కానీ మాట మార్చలేదు. నాకు ఒళ్ళు మండింది. ఆయన మీద కాదు, ఆమె మొండితనం మీద.

శనివారం పొద్దున్నే వచ్చి ఆ టెస్టునే రెండు వందల సార్లు నడిపింది. ఏడుసార్లు ఆగింది. గడువు దాటగానే, టెస్టును ఆపేసేముందు, పక్కపక్కనే నడిచే పనుల్లో, అంటే థ్రెడ్లలో, ఏది ఎక్కడ ఆగిందో అచ్చయ్యేలా చేసింది. భోజనాల వేళకి ఆ కాగితం నా ముందు పెట్టింది.

"బస్తాలు లోపల పెట్టే థ్రెడ్డు లాట్ రికార్డుకి ఇంకెవరూ ముట్టకుండా తాళమేసుకుని గది కోసం చూస్తోంది. బయటికిచ్చేది గది రికార్డుకి తాళమేసుకుని లాట్ కోసం చూస్తోంది. ఏదీ వదలదు. ఈ వరస ఎక్కడిదండీ?"

ఎక్కడిదో నాకు తెలుసు. డిసెంబరులో స్టోరేజీలో రెండ్రోజులు కూర్చుని గుమస్తా చేసేదంతా రాసుకొచ్చాను. బస్తాలు దిగితే ముందు ఆ రైతు సరుకుకి లాట్ నంబరు వేసి, తర్వాత గది చూపిస్తాడు. రైతుకి తిరిగిచ్చేటప్పుడు ముందు గది తెరిచి, తర్వాత లాట్ వెతుకుతాడు. గుమస్తా ఒక్కడే, ఒకసారికి ఒకే పని చేస్తాడు కాబట్టి అక్కడ చిక్కు లేదు. రెండు పనులూ ఒకేసారి నడిచే ప్రోగ్రాంలోకి దాన్ని మక్కీకి మక్కీ దించింది నేనే. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

రెండింట్లోనూ ముందు లాట్, తర్వాత గది అని మార్చాను. నజీరా మళ్ళీ వెయ్యిసార్లు నడిపింది. ఒక్కసారి కూడా ఆగలేదు. గడువును పది సెకన్లకు తగ్గించి, అప్పుడు పాస్ రాసింది.

"ఈ పాసేదో నిన్ననే రాసుంటే పోయేదిగా" అన్నారు సాయంత్రం ప్రేమ్‌చంద్ గారు.

"సోమవారం గేటు దగ్గర ట్రాక్టర్లు ఆగిపోయేవండి. నేను పాస్ అని రాశాక ఇంకెవరూ చూడరు."

"తప్పు నాదండి. స్లో అని చెప్పిందీ నేనే" అన్నాను.

ఆయన అక్కడికక్కడే ఆమె ఉద్యోగం ఖాయం చేస్తూ ఉత్తరం టైపు చేసి ఇచ్చారు. నజీరా దాన్ని రెండుసార్లు చదువుకుని, కుర్చీలో కూలబడి ఏడ్చింది. రెండ్రోజులుగా ఎంత భయాన్ని దిగమింగి కూర్చుందో నాకూ ప్రేమ్‌చంద్ గారికీ అప్పుడు తెలిసింది.