కింది వరస బస్తా

మా మేనత్తని గోదాముల దగ్గర అందరూ ఉడుం అనేవారు, పట్టుకుంటే వదలదని. ఆ పేరుకి ఆవిడ మురిసిపోయేది కూడా, అదేదో బిరుదైనట్టు.

మేం బస్తాలు మోసేవాళ్లం. వంద కిలోల బస్తాని ఎంత మొనగాడైనా తనంతట తాను వీపుకెత్తుకోలేడు. ఇద్దరు చెయ్యి వెయ్యాల్సిందే. దెబ్బ తగిలితే వైద్యం చేయించాలనీ, ఆస్పత్రికి రోడ్డు వెయ్యాలనీ సంఘం పెట్టుకున్నాం. మాతో మోయించే కాంట్రాక్టరు మనుషులు ఇనపరాడ్లతో వచ్చారు. సంఘం పెద్ద మా మామయ్య, అంటే అత్త మొగుడు. గేటు దగ్గరే అతని తల పగలగొట్టారు. ఆస్పత్రికి తీసుకెళ్తుంటే బండి బురదలో దిగబడింది. అత్త ఒళ్లోనే పోయాడు. కేసు నీరుగారిపోయింది. మా ఓట్లతో గెలిచిన శాసనసభ్యుడు కాంట్రాక్టరు చేతిలో మనిషి మరి! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది నాకు.

సంఘం పగ్గాలు అత్త పట్టింది. "పనికెళ్దాం. ఎవరి బస్తా వాళ్లే ఎత్తుకుందాం," అంది. మాకు నవ్వాగలేదు. మర్నాడు తలో బస్తా కావలించుకుని నిలబడ్డాం.

"లేవట్లేదయ్యా, ఏం చెయ్యమంటారు?"

లారీలు ఆగిపోయాయి. కొట్లు ఖాళీ అయ్యాయి. వ్యాపారులంతా సభ్యుడి ఇంటి మీద పడ్డారు.

కాంట్రాక్టరు తన రౌడీలనే మోతకు దింపాడు. ముందు మమ్మల్ని గొడ్లని బాదినట్టు బాదారు. అత్త మోచెయ్యి విరిగింది. ఆ తర్వాత, పని తెలియని వెధవలు, దొంతర కింది వరసలోంచి బస్తా లాగారు. దొంతరంతా కూలి, పక్కనే నిలబడి తిడుతున్న కాంట్రాక్టరు మీద పడింది. రౌడీలు పరారయ్యారు. అతను నెత్తురు కక్కుతూ "అక్కా, అక్కా" అన్నాడు.

"చావనీ అత్తా!" అని అరిచాను. అందరూ ఆవిడ వైపే చూశారు.

అత్త విరిగిన చేతిని కొంగుతో కట్టుకుని, రెండో చెయ్యి బస్తా మీద వేసింది.

"పట్టండ్రా. వీణ్ణి ఆ దారినే ఆస్పత్రికి మోసుకెళ్లాలి. ప్రతి గుంతా తెలియాలి వీడికి."

తెలిసింది. దారి పొడుగునా గావుకేకలు పెట్టాడు. కాలు తీసేశారు గానీ బతికాడు.

ఎన్నికల ముందు సభ్యుడు మా గేటు దగ్గరికొచ్చి చేతులు కట్టుకు నిలబడ్డాడు. రోడ్డు పడింది. ఇప్పుడు దాని వెంట ఎన్ని దుకాణాలో!

రోడ్డు పడిన కొత్తలో, సరిగా అతకని ఆ చెయ్యి చూపిద్దామని అత్తని ఆటో ఎక్కించాను. సర్దుకు కూర్చునేలోపే ఆస్పత్రి వచ్చేసింది. అత్త దిగలేదు. వెనక్కి తిరిగి గోదాముల వైపు చూసి ఘొల్లుమంది.

"ఇంతేనా దూరం?"