మబ్బు పట్టగానే కుర్చీ

ఈ రోజు మధ్యాహ్నం మా కల్లూరులో మబ్బు పట్టింది. రోజూ ఆనందంగా ఉండటం ఎలాగో ఫోన్లో ఎవరో చెబుతుంటే వింటున్నదాన్ని, సగంలో ఆపేసి, ఎండబెట్టిన వడియాల కోసం మిద్దె మీదికి పరిగెత్తాను.

పక్క మిద్దె మీద హుసేన్‌బీ అక్క వడియాలూ ఆరుతున్నాయి. ఆమె మాత్రం వాటి పక్కనే కుర్చీ వేసుకుని, ముఖం పైకెత్తి కూర్చుని ఉంది.

"ఏమక్కా, వడియాలు తడుస్తాయి కదా" అన్నాను.

"ఒడియాలు రేపు పెట్టుకుంటాలే. వాన రేపు పిలిస్తే వస్తాదా? నువ్వూ వచ్చి ఈడ కూర్చో."

"ఇవి లోపల పెట్టి వస్తా అక్కా" అని కిందికి దిగాను. తిరిగి ఎక్కేసరికి వాన అయిపోయింది. పడిందే నాలుగు చినుకులు. అక్క మాత్రం తడిసిన ముఖం తుడుచుకోకుండా, "శానా బాగ పడిందిలే" అంది, తుంగభద్ర పొంగినంత ధీమాగా.

నా వడియాల మీద ఒక్క చుక్క పడలేదు. నా మీదా పడలేదు.

ఈసారి మబ్బు పడితే నేను మిద్దెక్కేది కుర్చీతోనే. కాదు, వడియాలే ముందు అనేవాళ్లుంటే రండి, వాదనకు సిద్ధంగా ఉన్నాను.