సలోమక్క కలిపిన ఒక్క మాట

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి, నింపాదిగా వినాల్సిన సంగతి ఇది. ఇవాళ పొద్దున కల్లంలో ఆరబోసిన మిరపకాయల మీద నాలుగు చినుకులు పడ్డాయి. తడిసిన కాయ ఘాటు ముక్కుకు తగలగానే అందరికీ తుమ్ములొచ్చాయి, నాకు కోపమొచ్చింది. ఎనభైల నాటి కోపం అది, ఇంకా చల్లారలేదు.

చిలకలూరిపేట దగ్గర మా ఊళ్లో సలోమక్క మా పక్కింట్లో ఉండేది. చర్చి బడిలో చదువుకుని రేడియోలో అనౌన్సరైంది. పర్మనెంటు కాదు, పిలిచిన రోజే డ్యూటీ. సాయంత్రం రైతుల కార్యక్రమంలో ఆమె గొంతు వినబడితే టీ కొట్టు దగ్గర పేకాట ఆగిపోయేది. డ్యూటీ లేని రోజు కల్లానికొచ్చి మాతోపాటు కాయల తొడిమలు తీస్తూ మాకు పరీక్ష పెట్టేది.

"నిన్న నేను చదివిందాంట్లో మీకేం అర్థమైందే?"

"నీ గొంతు బాగుందక్కా" అన్నాను.

"గొంతు సంగతి ఎవరడిగారే? విషయం చెప్పు."

"అల్పపీడనం, ద్రోణి అంటే మాకేం తెలుసక్కా? వానొస్తుందని కాయల మీద పట్టా కప్పాలా వద్దా, అది చెప్పు చాలు."

అందరం పగలబడి నవ్వాం. సలోమక్క మాత్రం నవ్వకుండా, "పట్టా కప్పాలా వద్దా" అని నా మాటనే మళ్లీ తనలో తను అనుకుంది.

వారం తిరక్కుండానే ఒక సాయంత్రం రేడియోలో వాతావరణం చదివింది. చదవడం అయిపోయాక ఒక్క క్షణం ఆగింది. "కల్లాల్లో కాయలున్న అక్కలూ అన్నలూ, ఆకాశాన్ని నమ్మకండి. ఇప్పుడే పట్టాలు కప్పుకోండి" అంది. బయట ఎండ ఇంకా పోలేదు. అయినా పరిగెత్తాం. పట్టా మూలల మీద రాళ్లు పెట్టామో లేదో, వాన దంచేసింది. మా ఊళ్లో ఒక్క కాయ కూడా రంగు పోయి తాలు కాలేదు.

అంత మేలు చేసిన మనిషికి ఏం దక్కిందో తెలుసా? ఆఫీసు వాళ్లు చదవమని ఇచ్చిన కాగితంలో లేని మాట కలిపిందని డ్యూటీల జాబితాలోంచి ఆమె పేరు కొట్టేశారు. మేం ఊరుకోలేదు. పాస్టరమ్మగారి చేత రేడియోకి పోస్టు కార్డులు రాయించి, కల్లంలో ఆడవాళ్లందరం వేలిముద్రలు వేశాం. ఆ కట్ట పట్టుకుని అక్క వెంట నేనే రేడియో స్టేషనుకు వెళ్లాను. అక్కడి ఆఫీసరు కార్డుల్ని అటూ ఇటూ తిప్పి బల్ల మీద పడేశాడు.

"వీటిని శ్రోతల ఉత్తరాలంటారా? ఒక్క సంతకమన్నా లేదు. ఎవరో ఒకరు కూర్చుని అన్నీ గుద్దేసుంటారు."

నాకు ఒళ్లు మండింది. "రేడియో వినడానికి సంతకమెందుకండీ? చెవులుంటే చాలదా?"

"కల్లం కబుర్లు కల్లంలోనే చెప్పుకోండి" అని బంట్రోతును పిలిచి మమ్మల్ని బయటికి పంపించాడు.

తిరుగు బస్సులో సలోమక్క ఏడవలేదు. సంచిలోంచి పెన్సిలు తీసి, టికెట్టు వెనక నా పేరు రాసి చూపించింది. "ఇది దిద్దు. ఇంకెవడూ నీకు సంతకం లేదని అనకూడదు" అంది. చిలకలూరిపేట వచ్చేలోపు టికెట్టు చిరిగేదాకా దిద్దాను. ఆమెను మళ్లీ మైకు ముందుకు రానివ్వలేదు. బతికినన్నాళ్లూ చర్చి వరండాలో మాకు అక్షరాలు నేర్పింది. ఈ నాలుగు ముక్కలు రాసి మీకు వినిపిస్తున్నానంటే ఆమె చలవే.

అయినా అడుగుతాను, మా వేలిముద్రల్లో ఏం తప్పుంది? మేం వినలేదా? ఆ మాట విని కాయలు కాపాడుకోలేదా?

ఇప్పుడు వాన కబురు ఫోనుకే వస్తుంది. కల్లంలో పైకి చదివేది నేనే. చదివాక ఒక్క క్షణం ఆగి, "పట్టాలు కప్పండే" అని ఒక మాట కలుపుతాను. అక్క కాగితంలో లేనట్టే ఫోనులోనూ అది ఉండదు. ఉండకపోతే పోనీ.

మీ కల్లం తడవకుండా ఉండాలి. మీకు అర్థమయ్యేలా చెప్పే గొంతు మీ ఇంటికి ఎప్పుడూ కరువు కాకూడదు. చల్లగా ఉండండి.