నీలమ్మ పాట, బాబురావు వేలు

సంతోష్‌నగర్ సందులో ఉన్న ఆ చిన్న చర్చిలో మగవాళ్లు కుడివైపు, ఆడవాళ్లు ఎడమవైపు చాపల మీద కూర్చుంటారు. మధ్యలో ఒక మనిషి నడిచేంత దారి. పెళ్లినాడు కొత్త జంటకు తప్ప మొగుడూ పెళ్లాలు పక్కపక్కన కూర్చునే భాగ్యం అక్కడ ఎవరికీ లేదు. అలాంటి చోట దబీర్‌పురా రైల్వే గ్యాంగ్‌మన్ బాబురావు పదిహేనేళ్లపాటు పెళ్లాం చేతిలోని పాటల పుస్తకం మీద వేలు పెట్టి కూర్చున్నాడు. సంఘం కట్టుబాటు తప్పలేదు, పెళ్లాన్నీ వదల్లేదు. మగవాళ్ల చాప అంచున ఆయన, ఆడవాళ్ల చాప అంచున నీలమ్మ, దారికి అడ్డంగా చాచిన ఆయన చెయ్యి. కానుక పళ్లెం తెచ్చేవాళ్లు అక్కడికి రాగానే ఆగి, "బాబురావన్నా, జర గేటు తియ్యే" అని నవ్వేవాళ్లు. రైలుగేటు ఎత్తినట్టే ఆయన చెయ్యి ఎత్తి, వాళ్లు పోగానే మళ్లీ దించేవాడు.

నీలమ్మకు చెవులు వినపడవు. పుట్టుచెవుడు కాదు. పెళ్లయిన మూడో ఏట టైఫాయిడ్ వచ్చి, ప్రాణం వదిలిపెట్టి చెవులు పట్టుకుపోయింది. ఏడో తరగతి దాకా చదివింది కాబట్టి పుస్తకం చదవగలదు. జ్వరానికి ముందు నేర్చిన పాటలు రాగాలతో సహా ఆమె లోపల భద్రంగా ఉన్నాయి. తెలియనిదల్లా అందరూ ఇప్పుడు ఏ ముక్క పాడుతున్నారన్నదే. మన పాట తిన్నగా ఎప్పుడు నడిచింది గనక? చరణం సగంలో పల్లవి ఎత్తుకుంటాం, మనసు పొంగితే ఒకే ముక్కను నాలుగుసార్లు తిప్పుతాం. ఆ తిప్పుళ్లన్నీ బాబురావు వేలికి తెలుసు. గ్రీజు మరకలు ఎంత రుద్దినా పోని ఆ వేలు ఎక్కడికి పోతే నీలమ్మ గొంతు అక్కడికి పోయేది, వేలు ఆగితే ఆగేది.

2003 ఎండాకాలంలో పట్టాల మీద పని చేస్తూ బాబురావు కూలిపోయాడు. ఆస్పత్రి దాకా కూడా ఆగలేదు.

తర్వాత పక్కన కూర్చునే రుక్మాబాయి వేలు పెట్టి చూసింది. మంచి మనిషే, కానీ పాట ఎక్కేసరికి కళ్లు మూసుకుంటుంది. కళ్లు మూసుకున్న మనిషి వేలు ఎక్కడ నిలుస్తుంది? ఒక ఆదివారం పాట అయిపోయి, అందరూ తలలు వంచి మౌన ప్రార్థనలో ఉన్నారు. నీలమ్మ ఒక్కతే పాడుతోంది. ఆపడానికి ఎవరికీ మనసు రాలేదు. ముందు వరసలోని పసిపిల్ల వెనక్కి తిరిగి వింతగా చూసేసరికి ఆమెకు సంగతి అర్థమైంది. ఆ రోజు మూసిన నోరు చర్చిలో మళ్లీ తెరవలేదు. జల్‌పల్లిలో తన ఇంట్లో, కుట్టుమిషన్ ముందు కూర్చుని పాడుకునేది. ఒంటరి పాటా పాటే, కాదనను. కానీ పదిమందితో కలిసి పాడదామనే ఆమె రెండు ఆటోలు మారి చర్చికి వచ్చేది. వస్తూనే ఉంది, పాట మాత్రం లేదు.

2006లో ఎవరో పుణ్యాత్ములు చర్చికి ప్రొజెక్టర్ ఇచ్చారు. ఇక పాటలన్నీ గోడ మీదే చూసి పాడుకోవచ్చు. ఏ సాఫ్ట్‌వేర్ పెట్టాలో తేల్చే పని సంఘ కార్యదర్శి వెంకట్రావు గారి కొడుకు ఫణి మీద పడింది. వాళ్లది కోస్తా, తండ్రిది ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం, కొడుకుది కంప్యూటర్ కంపెనీలో. ఫణి రెండింటిని ఎంచాడు. ఒకటి ఆఫీసు మీటింగుల్లో వాడే మామూలు స్లైడ్ల సాఫ్ట్‌వేర్, రెండోది ప్రత్యేకంగా చర్చిల కోసమే విదేశాల్లో తయారైంది.

మొదటి ఆదివారం మామూలుది పెట్టాడు. గోడకు కట్టిన తెల్లదుప్పటి మీద నల్లటి అక్షరాలు, అంతే. పాట ఎక్కడుందో మరిచిపోయి స్లైడు ఆలస్యంగా మారుస్తానేమోనని ఫణికి భయం. అందుకే మౌస్ బాణాన్ని పాడుతున్న మాటల కింద జరుపుకుంటూ పోయాడు. రెండో వరసలో నీలమ్మ దాన్ని చూసింది. బాణం చరణం సగం దాకా వెళ్లింది, చటుక్కున పల్లవికి వచ్చింది, ఒక ముక్క దగ్గర మళ్లీ మళ్లీ తిరిగింది. ఆ నడక ఆమెకు తెలిసిన నడకే. ముందు పెదవులు కదిలాయి, తర్వాత గొంతు వచ్చింది. చివరి అక్షరం దగ్గర బాణం ఆగింది, నీలమ్మా ఆగింది. చుట్టూ చూస్తే అందరి నోళ్లూ అప్పుడే మూతపడుతున్నాయి. రుక్మాబాయి ఆమె చెయ్యి గట్టిగా నొక్కింది గానీ, ఆమె ఎలా పాడగలిగిందో అడగాలని తోచలేదు. ఇంటికి వెళ్లేదాకా ఆటోలో నీలమ్మ ఏడుస్తూనే ఉంది. అది సంతోషమే, కానీ బాబురావు లేకుండా వచ్చిన సంతోషం.

ఆరాధన అయ్యాక వెంకట్రావు గారు కొడుకును పిలిచారు. "ఏంట్రా ఫణీ, దేవుడి పాట మీద ఆ ఈగ పాకడం? వచ్చేవారం అది కనపడకూడదు."

రెండో ఆదివారం చర్చిల సాఫ్ట్‌వేర్ వచ్చింది. అక్షరాల వెనక జలపాతం దూకింది, సూర్యుడు ఉదయించాడు. కుర్రకారు మురిసిపోయారు. బాణం మాత్రం ఫణి ముందున్న కంప్యూటర్లోనే ఉండిపోయింది, గోడ మీదికి రాలేదు. నీలమ్మ జలపాతం నిండా వెతికింది. ఆరాధన చివర పాస్టరు రామ్‌చందర్ అయ్యగారు లేచి, ఇదే కావాలనేవాళ్లు చేతులెత్తండి అన్నారు. నీలమ్మకు కనిపించింది చేతులే. ఆ చర్చిలో అన్ని చేతులు ఒక్కసారి లేచేది దేవుణ్ణి వేడుకోవడానికే. కొంగు తల మీదికి లాక్కుని, కళ్లు మూసుకుని, ఆమె కూడా రెండు చేతులూ ఎత్తింది.

"నీలమ్మ గారైతే రెండు ఓట్లు వేశారు" అన్నారు వెంకట్రావు గారు. అందరూ నవ్వారు. అది ఆమెకు వినపడలేదు.

మూడో ఆదివారమూ జలపాతమే. బయట చెప్పులు తొడుక్కుంటూ నీలమ్మ అడిగింది, "రుక్కవ్వా, ఆ బాణం ఏమాయె?" రుక్మాబాయి పెదవులు నెమ్మదిగా కదుపుతూ, చేతులతో చూపిస్తూ చెప్పింది. అందరం దీన్నే ఎంచుకున్నం, నువ్వు సుత రెండు చేతులు లేపినవ్, వచ్చేవారం కొంటరంట. నీలమ్మ ఒక కాలికి చెప్పు, ఒక కాలు నేల మీద, అలాగే నిలబడిపోయింది. తన పాటను తానే చేతులెత్తి సాగనంపింది.

వారమంతా ఆమెకు నిద్ర సరిగా పట్టలేదు. అడగాలంటే చర్చిలో నోరు తెరవాలి. తన గొంతు ఎంత పెద్దగా వస్తుందో, ఎలా వస్తుందో తనకే తెలియదు. ఆ పసిపిల్ల చూపు ఆమె ఇంకా మరిచిపోలేదు.

నాలుగో ఆదివారం, దేవుడు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పుకునే సాక్ష్యాల సమయంలో నీలమ్మ లేచింది.

"అందరికీ వందనాలు. అయ్యగారూ, మొన్న చేతులెత్తమన్నది దీనికోసమని నాకు ఎరుక లేదు. ప్రార్థన అనుకొని ఎత్తిన. నాకు ఆ బాణం కావాలె. మా ఆయన వేలు పెట్టి చూపిచ్చినట్టే అది చూపిస్తది. ఆయన పోయినంక నేను మీతోని మంచిగ పాడింది ఆ ఒక్క ఆదివారమే."

గొంతు చాలా పెద్దగా వచ్చింది, వీధిలోకి కూడా వినిపించి ఉంటుంది. ప్రతిదానికీ తీర్మానం, సంతకం అనే వెంకట్రావు గారు ఈసారి ఎవరినీ అడగలేదు.

"ఆ మొదటిదే పెట్టు నాన్నా" అన్నారు ఫణితో. "దాన్ని ఈగ అన్నాను, బుద్ధిలేక. అది కూడా పెట్టు."

ఇదేదీ నీలమ్మకు తెలియదు. కూర్చోవాలో, నిలబడాలో తోచక గోడ వైపు చూసింది. జలపాతం ఆగిపోయింది. కుర్రకారుకు దిగులే గానీ, జలపాతాలు చూడాలంటే వేరే ఊళ్లున్నాయి. తెల్లటి దుప్పటి మీద నల్లటి అక్షరాలు వచ్చాయి. బాణం వచ్చి మొదటి మాట కింద నిలబడి, కదలకుండా ఉంది. పాట ఎత్తుకోవాల్సిన అయ్యగారు ఎత్తుకోకుండా ఆమెనే చూస్తున్నారు. అర్థం కావడానికి ఆమెకు కొంచెం సేపు పట్టింది. నీలమ్మే పాట ఎత్తుకుంది. సంఘమంతా ఆమె వెనక పాడింది.

మరుసటి ఆదివారం రుక్మాబాయి ముందే వచ్చి, ఫ్యాను కింద చాప నడుమ ఆమెకు చోటు పట్టింది. "ఇటు రా నీలమ్మా, ఇప్పుడు యాడ కూసున్నా కనవడ్తది గదా" అని సైగ చేసింది.

నీలమ్మ ఎప్పటిలాగే దారి పక్కన, చాప అంచున కూర్చుంది.

"ఉండనీ రుక్కవ్వా" అంది. "ఆయన చెయ్యి ఇక్కడి దాంకనే అందుతది."