ముందు సీటు దగ్గరి తడి

మొన్న ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంటే ఆరాంఘర్ దాటాక మా క్యాబ్ వేడెక్కి ఆగిపోయింది. డ్రైవరు బానెట్ ఎత్తగానే తెల్లటి ఆవిరితో పాటు ఒక వాసన లేచింది. తుప్పు, కాగిన రబ్బరు, నిలవ నీళ్ళు కలిసిన వాసన. తోటివాళ్ళు చున్నీలు ముక్కులకు అడ్డం పెట్టుకుని దూరం జరిగారు. నేను మాత్రం, నన్నెవరూ చూడడం లేదని నమ్మకం కుదిరాక, కాస్త ముందుకు జరిగి గుండెల నిండా పీల్చుకున్నాను. ఆ వాసనలో మా బూడిదరంగు కారు ఉంది. ఆ కారు ముందు సీట్లో, కాళ్ళ కడియాలు కనబడేలా చీర కుచ్చెళ్ళు కొంచెం పైకి జరుపుకుని కూర్చున్న మా నాయినమ్మ ఉంది.

అప్పటికి శంషాబాద్ వైపు విమానాల మాటే లేదు. ఊరు దాటితే సీతాఫలం పొదలు, తంగేడు, ఎర్రటి గుట్టలు, వానలు పడ్డాక కొన్నాళ్ళు మాత్రమే పచ్చబడే కంచెలనే గడ్డిబీళ్ళు. వాటి మధ్య మా బాపు టమాటా, బెండ పండించేవాడు. ఉత్తరాదిన ఎక్కడో ఉద్యోగం చేసి తిరిగొచ్చిన ఒక ఆఫీసరు దగ్గర కొన్న ఆ పాత కారు మా వాడకట్టులో మొదటిది. దానిలో డ్యాష్‌బోర్డు కింద, ఎడమవైపు కూర్చున్నవాళ్ళ మోకాళ్ళకు తగిలేటట్టు, ముందువైపు ఇనుప జాలీ ఉన్న నల్లటి డబ్బా ఒకటి ఉండేది. అదేమిటో మాలో ఎవరికీ తెలియదు. పాటలు రాని రేడియో అని నేననుకునేదాన్ని. గుండెకాయలాంటిదేదో అయ్యుంటుందని అమ్మ అనుకునేది. దసరా పూజ రోజు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, స్టీరింగుకు బంతిపూలు చుట్టి, ఆ డబ్బాకు కూడా మర్యాదగా పసుపు కుంకుమ పెట్టేది.

ముందు సీటు నాయినమ్మది. అందులో వాదన లేదు. పెళ్ళికైనా, తద్దినానికైనా అందరికంటే ముందే తయారై, తలకు నూనె రాసుకుని, బొడ్లో ఆకువక్కల సంచి దోపుకుని వచ్చి కూర్చునేది. కారు హైవే ఎక్కగానే మొదటి హోటల్ దగ్గర ఆపించేది. అక్కడి చాయ్ సాసర్లో పోసుకుని, ఊదుకుంటూ, చప్పుడు చేస్తూ తాగి, మిగిలిన గుక్కలో బిస్కట్ ముంచి నాకు ఇచ్చేది. ఆ తర్వాత దారి పొడుగునా ఎవరి పొలం ఎవరు కొన్నారో, ఏ బావిలో ఎంత నీరుందో బాపుకు చెప్పి, మాట మధ్యలోనే కునుకు తీసేది. వెనక సీట్లో అమ్మకు ఆనుకుని కూర్చుని, ఎండకు కాగిన రెగ్జిన్ వాసనా, నాయినమ్మ గురకా కలిసిన ఆ ప్రయాణాల్లో నేను దారిలోని బోర్డులన్నీ కూడబలుక్కుని చదివేదాన్ని. నాకు చదవడం అలాగే పట్టుబడింది.

ఒక ఎండాకాలం, పెళ్ళిళ్ళ రోజుల్లో, ఎక్కడికో వెళ్ళి వచ్చి అందరూ దిగాక అమ్మ ముందు సీటు దగ్గరి రబ్బరు పట్టను బయటికి లాగింది. దాని మీద తడి ఉంది. పసుప్పచ్చగా, ఇంకా వెచ్చగా. అమ్మ ఒక్క క్షణం అలాగే నిలబడి, ఇంట్లోకి వెళ్తున్న నాయినమ్మ వైపు చూసింది. నాయినమ్మ చీర అంచు కూడా తడిసి, కడియాలకు అంటుకుని ఉంది. పట్టను గిన్నెలు తోమే జాలారి దగ్గరికి తీసుకుపోయి, కుంకుడు రసం పోసి, గట్టిగా తోమి గోడ మీద ఆరేసింది. నేను చూస్తున్నానని గమనించి, ఎవరితోనూ అనొద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. దూరం వెళ్ళి వచ్చినప్పుడల్లా ఇదే జరిగేది. పెద్దావిడ పరువు పోకుండా, బాపు కంట పడకముందే పట్ట ఉతికి ఆరేయడం అమ్మ పనుల్లో కలిసిపోయింది.

ఆ కాలంలోనే బాపుకు వేరే పరేషాన్ మొదలైంది. రేడియేటర్లో నీళ్ళు నిలవడం లేదు. పొద్దున నింపితే సాయంత్రానికి తగ్గేవి. ఎండలకు ఇంకిపోతున్నాయని మొదట సరిపెట్టుకున్నాడు. వానలు మొదలైనా అదే తీరు. కాటేదాన్‌లో షెడ్డు నడిపే కరీం భాయి దగ్గరికి తీసుకుపోతే, ఆయన ఇంజన్ కింద పాత పేపర్లు పరిచి, రాత్రంతా కారును అలాగే ఉంచి, తెల్లారి చూస్తే పేపర్ల మీద ఒక్క చుక్క లేదు. రేడియేటర్ గొట్టాలు మార్చాడు, మూత మార్చాడు. నీళ్ళు మాత్రం తగ్గుతూనే ఉన్నాయి. బాపు డిక్కీలో నీళ్ళ డబ్బా పెట్టుకుని తిరిగేవాడు. ఆ డబ్బా సంగతి అమ్మ పట్టించుకోలేదు. గోడ మీద ఆరే పట్ట సంగతి బాపు పట్టించుకోలేదు.

నాయినమ్మ మారడం మాత్రం నాకు కనబడుతూనే ఉంది. చాయ్ కోసం కారు ఆపించడం మానేసింది. బయలుదేరే రోజు పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. పాత చీర నాలుగు మడతలు వేసి సీటు మీద పరుచుకునేది. గమ్యం చేరాక అందరినీ ముందు దిగమని, తను ఆఖరున చీర దులుపుకుంటూ దిగేది. తర్వాత కారెక్కడమే మానేసింది. ఆమె ఎక్కకపోయేసరికి ఆ పట్ట వైపు ఎవరూ చూడలేదు. బోనాలకు చుట్టాలు పిలిస్తే మోకాళ్ళ నొప్పులంది. పక్క ఊళ్ళో పెళ్ళికి పిలిస్తే కళ్ళు తిరుగుతున్నాయంది. నీళ్ళు తాగని అలవాటు ఇంట్లో కూడా మొదలైంది కాబట్టి నిజంగానే ఒకరోజు కళ్ళు తిరిగి వాకిట్లో పడిపోయింది. దవాఖానలో సెలైన్ ఎక్కించి, ఈమె నీళ్ళెందుకు తాగడం లేదని డాక్టరు అడిగితే, బాపు అమ్మ వైపు చూశాడు, అమ్మ కిటికీలోంచి బయటికి చూసింది.

బతుకమ్మ రోజులు వచ్చాయి. కంచెల నిండా తంగేడు విరగబూసింది. షాద్‌నగర్ అవతల పల్లెలో నాయినమ్మ అక్క ఉండేది. మేము పెద్దవ్వ అని పిలిచేవాళ్ళం. ఏటా చివరి రోజైన సద్దుల బతుకమ్మ నాటికి నాయినమ్మ అక్కడికి వెళ్ళి తీరాలి. చిన్నప్పటి నుంచీ చెల్లెలు పూలు అందిస్తే అక్క పేర్చడం వాళ్ళ అలవాటు. ఆ ఏడు పెద్దవ్వ జారిపడి మంచాన ఉంది. చెల్లెలిని ఒకసారి చూడాలని, ఎక్కువ కాలం ఉండనేమోనని కబురు చేసింది. నాయినమ్మ ఆ కబురు విని చాలాసేపు గోడకు ఆనుకుని కూర్చుంది. పొద్దున మేమంతా తయారయ్యాక ఒకటే మాట చెప్పింది.

"నేను రాను బిడ్డా. మీరు పోయిరాండ్రి."

బాపు బతిమాలాడు, కోప్పడ్డాడు, చివరికి కళ్ళలో నీళ్ళు పెట్టుకున్నాడు. రేపు ఆమె పోతే నువ్వే ఏడుస్తవని అన్నాడు. నాయినమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.

అలా ఆ రోజు ముందు సీటు మొదటిసారి నాకు వచ్చింది. వెనక అమ్మ, అమ్మ పక్కన సత్తుపిండి గిన్నె, రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దల డబ్బా, ముగ్గుపిండి పొట్లం. కొత్తూరు దాటే దాకా నేను బోర్డులు చదువుతూనే ఉన్నాను. అప్పుడు నా కుడి పాదం మీద ఏదో వెచ్చగా పడింది. కాసేపటికి మళ్ళీ పడింది. నేను ఎనిమిదేళ్ళ దాన్ని, అందరి ముందూ మాట్లాడాలంటే సిగ్గుపడే దాన్ని. పట్ట మీద పసుప్పచ్చటి తడి చూసి నేనే పోసుకున్నానేమో అనుకున్నాను. మెల్లిగా లంగా తడుముకున్నాను. పొడిగా ఉంది. సీటు తడుముకున్నాను. అదీ పొడిగానే ఉంది. ఆ ధైర్యంతో నోరు తెరిచాను.

"బాపూ, నా కాళ్ళ మీద ఉడుకు నీళ్ళు పడ్తున్నయ్."

బాపు కారును రోడ్డు పక్కకు తీసి ఆపాడు. వంగి, వేలితో తడి అద్ది వాసన చూశాడు. రోజూ రేడియేటర్ మూత తీసే మనిషికి ఆ వాసన కొత్త కాదు. అమ్మ వెనక సీట్లోంచి లేచి ముందుకు వంగింది.

"ఎండకాలం సంది గిట్లనే ఉంది" అంది అమ్మ, మెల్లిగా.

"మరి చెప్పవేందే?"

"ఎట్ల చెప్పాలె. అత్తమ్మనుకున్న."

పక్కనుంచి లారీలు పోతుంటే కారు ఊగుతోంది. బాపు అమ్మను ముగ్గుపిండి అడిగి, పట్ట మీదా, నల్లడబ్బా అడుగునా పలచగా చల్లాడు. ఇంజన్ నడుస్తూ ఉండగా ముగ్గురం తలలు ఒకచోట పెట్టి చూశాం. డబ్బా అడుగు మూలలో తెల్లటి పిండి మీద ముందు ఒక మచ్చ తేలింది, మచ్చ సన్నటి గీతగా సాగింది, గీత చివర చుక్క నిండి పట్ట మీద రాలింది. బాపు ఇంజన్ ఆపి బానెట్ ఎత్తాడు. ఆ డబ్బాలోంచి రెండు రబ్బరు గొట్టాలు మధ్య రేకుగోడ దూరి ఇంజన్‌కే వెళ్తున్నాయి. ఒకదాని దగ్గర నీళ్ళు ఆపే చిన్న ఇత్తడి నల్లా ఉంది. గుడ్డ చుట్టిన పట్టకారుతో దాన్ని తిప్పి బిగించి, పట్ట తుడిచి, మళ్ళీ పిండి చల్లి, ఇంజన్ నడిపాడు. ఈసారి పిండి పిండిలాగే ఉంది.

"పూజలు చేస్తిమి గీ డబ్బాకు" అన్నాడు బాపు. అది చలి ప్రాంతాల్లో కారు లోపల వెచ్చగా ఉండడానికి పెట్టే హీటరని తర్వాత కరీం భాయి చెప్పి కడుపుబ్బ నవ్వాడు. ఆ పొద్దు మాత్రం మాలో ఎవరికీ నవ్వు రాలేదు. బాపు కారును వెనక్కి తిప్పాడు.

ఇంటికి చేరాక ఈ సంగతి నాయినమ్మకు ఎలా చెప్పాలో ఎవరికీ తోచలేదు. అమ్మ లోపలికి వెళ్ళి, చెప్పలేక, ఉత్తినే తిరిగొచ్చింది. చివరికి బాపు ఆ నల్లా మళ్ళీ తెరిచి, ఇంజన్ నడిపిస్తూ, లోపలికి వెళ్ళి నాయినమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, తెరిచిన కారు తలుపు దగ్గర నిలబెట్టాడు.

"అమ్మా, సూడు. ఎండకాలం సంది గిదే."

నాయినమ్మ వంగి డబ్బా కింద అరచెయ్యి పట్టింది. చుక్క పడింది. మరొకటి పడింది. చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. నెమ్మదిగా నిటారుగా లేచి అమ్మ వైపు తిరిగింది.

"గా పట్ట రోజు కడిగింది నువ్వేనా?"

అమ్మ తల ఊపింది.

"నేనే కడుగుతుంటి, నాకు చెప్తే" అంది నాయినమ్మ. "సీటు మీద చీర ఎన్నడు తడ్వకపాయె. గదన్న చూసుకోలే నేను" అంది. వెంటనే అరుగు మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. అమ్మ వెళ్ళి పక్కన కూర్చుంటే, ఆమె వీపు మీద ఒక దెబ్బ వేసి అక్కడే చెయ్యి ఉంచేసింది.

"ఇగ చెంబెడు నీళ్ళు తే బిడ్డా" అంది నాతో.

నేను కడవలోంచి ముంచి తెచ్చాను. తల పైకెత్తి, చెంబు ఎత్తి పట్టి, గటగటా తాగింది. నీళ్ళు గడ్డం మీదుగా మెడ మీదికి, అక్కడి నుంచి రవికె మీదికి జారాయి. ఆమె తుడుచుకోలేదు. ఖాళీ చెంబు నాకిచ్చి ఇంకోటి తెమ్మంది.

నల్లా బిగించి, నాయినమ్మను ముందు సీట్లో ఎక్కించుకుని మేము పెద్దవ్వ పల్లె చేరేసరికి పొద్దు వాలింది. వాకిట్లో మంచం వేసి పెద్దవ్వను కూర్చోబెట్టారు. ఆమె చేతులు వణుకుతున్నా, పూలు పేర్చే పని ఎవరికీ ఇవ్వలేదట. చెల్లెల్ని చూడగానే ఇంత ఆలస్యమేందని తిట్టి, తాంబాళం ముందుకు జరిపింది. నాయినమ్మ నేల మీద కూర్చుని తంగేడు, గునుగు పూలు ఒక్కొక్కటే అందించింది. పెద్దవ్వ పేర్చింది. బతుకమ్మ కొంచెం ఒరిగింది కానీ నిలబడింది.

పెద్దవ్వ ఆ చలికాలం దాటలేదు. నాయినమ్మ ఇంకొన్నేళ్ళు ఉంది. మా కంచెల్లో సగం ఇప్పుడు రన్‌వే ప్రహరీ లోపలికి పోయాయి. తంగేడు పూలు బస్తాల్లో బజారుకు వస్తాయి. షాద్‌నగర్ రోడ్డు వెడల్పయి, అప్పట్లో సగం పూట పట్టే దారి ఇప్పుడు కాసేపట్లో అయిపోతుంది. ఆ దారి చివర మాకోసం వాకిట్లో మంచం వేసుకుని ఎదురుచూసే వాళ్ళెవరూ లేరు.